హోమ్ డైరెక్టరీ ఎలా పెట్టుకోవాలి? ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పార్టిషన్ల తెర (డిస్క్‌ని భాగాలుగా విడదీసే చోటు) రాగానే చాలామంది ఆగిపోతారు. ఒక్కో యూజర్ సొంత ఫైళ్ళు, సెట్టింగులు ఉండే చోటే హోమ్ డైరెక్టరీ, లినక్స్‌లో అది మామూలుగా /హోమ్ కింద ఉంటుంది. /హోమ్‌కి విడిగా చోటివ్వాలా, అంతా ఒకే చోట ఉంచేయాలా, ఎన్‌క్రిప్షన్ టిక్ పెట్టాలా? ఏదో ఒకటి అనుకుని నెక్స్ట్ నొక్కేస్తాం. ఆ నిర్ణయం మంచిదో కాదో ఆ రోజు తెలియదు. డిస్క్ నిండినప్పుడో, డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) మార్చాలనిపించినప్పుడో, కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడో బయటపడుతుంది. అప్పటికి సరిదిద్దడం పెద్ద పనే.

ఈ పద్ధతులన్నిటినీ నేను ఒకే ప్రశ్నతో తూచి చూస్తాను. రేపు పొద్దున సిస్టమ్ మొత్తం తుడిచి కొత్తది వేస్తే, సాయంత్రానికల్లా మీ పని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలవుతుందా? అద్దె ఇల్లు మారినా సామాను మనతో వచ్చినట్టు, సిస్టమ్ మారినా హోమ్ మనతో రావాలి. అలా రానివ్వని పద్ధతి ఎంత కొత్తదైనా నేను సిఫార్సు చేయను.

చోటు గురించి గొడవ పడక్కర్లేదు

ముందు తేలికైన విషయం చూద్దాం. హోమ్ డైరెక్టరీలు /హోమ్ కిందే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టిన రోజుల్లో అవి /యూఎస్‌ఆర్ కింద ఉండేవి. యూనిక్స్‌ని తయారుచేసినవాళ్ళలో కెన్ థాంప్సన్‌ది /యూఎస్‌ఆర్/కెన్, డెనిస్ రిచీది /యూఎస్‌ఆర్/డీఎంఆర్. తర్వాత సిస్టమ్ ప్రోగ్రాములు /యూఎస్‌ఆర్‌ని ఆక్రమించుకున్నాయి, మనుషులు వేరే చోటికి మారారు. సోలారిస్ అనే యూనిక్స్ అసలు ఫైళ్ళను /ఎక్స్‌పోర్ట్/హోమ్‌లో ఉంచి, ఆటోమౌంటర్ (అవసరమైనప్పుడు ఆ చోటును తనంతట తనే కలిపే ప్రోగ్రామ్) ద్వారా /హోమ్‌లో చూపిస్తుంది. మ్యాక్‌లో /యూజర్స్. ఫ్రీబీఎస్‌డీ అనే మరో యూనిక్స్ రకం చాలా ఏళ్ళు /యూఎస్‌ఆర్/హోమ్‌లో ఉంచి, 2023లో వచ్చిన 14.0 నుంచి /హోమ్‌కి మారింది. ఫెడోరా సిల్వర్‌బ్లూలో అసలు చోటు /వార్/హోమ్, /హోమ్ దానికి ఒక లింక్ మాత్రమే.

ఎవరి హోమ్ ఎక్కడుందో సిస్టమ్ తెలుసుకునేది /ఈటీసీలోని పాస్‌వర్డ్ ఫైల్ నుంచి. అందులో ఒక్కో యూజర్‌కి కోలన్లతో విడదీసిన 7 గడులున్న ఒక వరుస ఉంటుంది. 6వ గడిలో హోమ్ దారి ఉంటుంది. లాగిన్ అవగానే అదే హోమ్ అనే వేరియబుల్‌లోకి వస్తుంది. షెల్‌లో (కమాండ్లు ఇచ్చే చోట) మనం కొట్టే టిల్డా (~) గుర్తు కూడా దాన్నే చూపిస్తుంది. 1970లలో వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్ కీబోర్డు మీద హోమ్, టిల్డా ఒకే మీట మీద ఉండేవి. ఆ గుర్తుకు ఆ అర్థం అక్కడి నుంచే వచ్చింది.

కాబట్టి మీ డిస్ట్రో ఎక్కడ పెడితే అక్కడే ఉంచండి. జాగ్రత్త పడాల్సింది స్క్రిప్టుల దగ్గర. /హోమ్/రవి అని స్క్రిప్టులో నేరుగా రాసేస్తే, అది మ్యాక్‌లో నడవదు, రవి పేరు లేని మెషీన్‌లోనూ నడవదు. ఫైల్ సిస్టమ్ ఏర్పాటుకు ప్రమాణమైన ఎఫ్‌హెచ్‌ఎస్ పత్రం కూడా ఏ ప్రోగ్రామూ హోమ్ ఫలానా చోట ఉంటుందని అనుకోకూడదని చెబుతుంది. మ్యాక్‌లో /హోమ్ అనే పేరు ఆటోమౌంటర్ చేతిలో ఉంటుంది కాబట్టి, దాని కింద డైరెక్టరీ సృష్టించబోతే ఒప్పుకోదు.

మనం రాయకపోయినా కొన్ని పరికరాలు దారిని మొత్తంగా రాసేసుకుంటాయి. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకి విడిగా ప్యాకేజీలు పెట్టుకునే ఫోల్డర్) ఇందుకు మంచి ఉదాహరణ. దాని బిన్ ఫోల్డర్‌లో ప్యాకేజీలు దించే పిప్ ఫైల్ తెరిచి మొదటి వరుస చూడండి. /హోమ్/రవి/ప్రాజెక్ట్ అంటూ దారి మొత్తం అక్కడ ఉంటుంది. హోమ్‌ని మరో పేరుతో కాపీ చేస్తే ఆ పిప్ పాత చోట ఇంటర్‌ప్రెటర్‌ని వెతికి ఆగిపోతుంది. అలాంటి వాటిని కాపీ చేయాలనుకోవద్దు. అవసరమైన ప్యాకేజీల జాబితా దాచుకుని, కొత్త చోట మళ్ళీ కట్టుకోవడమే పద్ధతి.

రూట్ యూజర్ (సిస్టమ్ మొత్తం మీద అధికారమున్న అడ్మిన్) హోమ్ మాత్రం లినక్స్‌లో /రూట్, మ్యాక్‌లో /వార్/రూట్. దాన్ని /హోమ్ కిందికి తేవద్దు. /హోమ్ మౌంట్ కాని (దాని డిస్క్ ఆ చోట కలవని) రోజున బాగుచేయడానికి లాగిన్ కావాల్సింది ఆయనే.

ఒకే పార్టిషన్, విడి పార్టిషన్, సబ్‌వాల్యూమ్

అసలు ఎంపిక ఇక్కడే ఉంది, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

అంతా ఒకే పార్టిషన్‌లో పెట్టడం అన్నిటికంటే సులువు. ఎంత డిస్క్ ఉంటే అంతా అందరికీ అందుబాటులో ఉంటుంది, దేనికెంత అని ముందే లెక్కలు వేయక్కర్లేదు. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. మొదటిది, హోమ్‌లో వీడియోలు నింపేస్తే సిస్టమ్‌కీ చోటుండదు, లాగ్‌లు రాయడం ఆగిపోతుంది, డెస్క్‌టాప్ లాగిన్ తెరే తిరిగి తిరిగి వస్తుంది. ఎక్స్‌ట్4 అనే ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి) ఇందుకోసమే 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం దాచి ఉంచుతుంది కాబట్టి, టెక్స్ట్ కన్సోల్‌లో రూట్‌గా వెళ్ళి శుభ్రం చేసుకోవచ్చు. రెండోది, కొత్త సిస్టమ్ వేసేటప్పుడు ఫార్మాట్ అంటే హోమ్ కూడా పోతుంది. బయటి డిస్క్‌లో బ్యాకప్ ఉన్నవాళ్ళకు అదేమీ సమస్య కాదు. లేనివాళ్ళకు అదే పెద్ద టెన్షన్.

విడి పార్టిషన్ వాదన బలమైనదే. సిస్టమ్‌ని ఫార్మాట్ చేసి, /హోమ్‌ని ముట్టుకోకుండా మళ్ళీ అదే చోట మౌంట్ చేసుకోవచ్చు. కాకపోతే సైజు ముందే ఊహించాలి, ఆ ఊహ తరచూ తప్పుతుంది. రూట్ పార్టిషన్‌కి (సిస్టమ్ ఉండే చోటుకి) 20, 30 జీబీ చాలన్న పాత సలహా ఇప్పటికీ చాలాచోట్ల తిరుగుతోంది. ఈరోజు డాకర్ కంటైనర్ల ఇమేజ్‌లు, సిస్టమ్ మొత్తానికి వేసిన ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ రకం అప్లికేషన్లు అన్నీ /వార్/లిబ్ కింద చేరతాయి. ఆ డైరెక్టరీ రూట్ పార్టిషన్‌లోనే ఉంటుంది. దాంతో 400 జీబీ /హోమ్ ఖాళీగా ఉండగా, పక్కన రూట్ నిండిపోయి అప్‌డేట్ ఆగిపోతుంది.

రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇది ఇంకా బాధపెడుతుంది. అక్కడి ఆటోమేటిక్ పార్టిషనింగ్ తగినంత డిస్క్ ఉంటే రూట్‌కి గరిష్ఠంగా 70 జీబీ ఇచ్చి, మిగిలిందంతా /హోమ్‌కి ఇచ్చేస్తుంది. రెండిటి మీదా ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని పెంచగలం గానీ, మామూలు వాడకంలో తగ్గించలేం. డేటాబేస్ /వార్ కింద పెరిగి రూట్ నిండినప్పుడు, /హోమ్ నుంచి చోటు తీసి ఇద్దామంటే దాన్ని బ్యాకప్ తీసి, చెరిపి, చిన్నదిగా మళ్ళీ చేయాల్సిందే. సర్వర్‌లో మనుషులు పెద్దగా లాగిన్ కానప్పుడు అంత పెద్ద /హోమ్ అనవసరం. ఇన్‌స్టాల్ సమయంలోనే ఆటోమేటిక్ వదిలేసి చేత్తో ఇచ్చుకోండి, ఎల్‌వీఎంలో (చోటును తర్వాత పంచుకోనిచ్చే ఏర్పాటు) కొంత చోటు ఎవరికీ ఇవ్వకుండా మిగల్చండి. పెంచడం ఎప్పుడైనా ఒక్క నిమిషం పని.

విడి పార్టిషన్ మీద ఎక్స్‌ట్4 పెట్టుకుంటే, పైన చెప్పిన 5 శాతం నిల్వ అక్కడ అంత అవసరం లేదు. 1 టీబీ డిస్క్‌లో 5 శాతం అంటే 50 జీబీ. ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో దాన్ని 1 శాతానికి తగ్గించుకోవచ్చు, లోపలి డేటాకి ఏమీ కాదు.

ఈ రెండు దారుల మధ్య చిక్కును విప్పింది సబ్‌వాల్యూమ్ పద్ధతి. ఫెడోరా డెస్క్‌టాప్ 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కి మారింది. రూట్, హోమ్ రెండూ ఒకే చోటును పంచుకుంటాయి, కానీ వేరువేరు సబ్‌వాల్యూమ్‌లుగా ఉంటాయి. సైజు ఊహించే పనిలేదు, కొత్త సిస్టమ్ వేసేటప్పుడు హోమ్ సబ్‌వాల్యూమ్‌ని అలాగే ఉంచుకోవచ్చు. స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి ఉన్న స్థితికి నకళ్ళు) కూడా విడివిడిగా తీసుకోవచ్చు. ఈ చివరిదే నాకు అన్నిటికంటే విలువైనది. అప్‌డేట్ చెడిపోయి సిస్టమ్‌ని నిన్నటికి వెనక్కి తిప్పితే, ఈరోజు పొద్దున రాసిన ఉత్తరం, కోడ్ కూడా నిన్నటికి పోకూడదు కదా. ఓపెన్‌సూసేలో సిస్టమ్ స్నాప్‌షాట్ల నుంచి /హోమ్‌ని బయట ఉంచడానికి కారణం ఇదే. స్నాప్‌షాట్లు తీసే టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్ కూడా మామూలుగా యూజర్ ఫైళ్ళను పక్కన పెట్టే నడుస్తుంది. అయితే స్నాప్‌షాట్ ఉన్నది కూడా అదే డిస్క్ మీద. డిస్క్ పోతే అదీ పోతుంది, కాబట్టి బయటి బ్యాకప్ తప్పదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తుంది. ఒక్కో యూజర్‌కి ఒక్కో డేటాసెట్ (సబ్‌వాల్యూమ్ లాంటిదే), దానికి సొంత కోటా, సొంత స్నాప్‌షాట్లు. ఫ్రీబీఎస్‌డీ 14లో /హోమ్ జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఉంటే, కొత్త యూజర్‌ని చేర్చగానే అతని డేటాసెట్‌ని సిస్టమే తయారు చేస్తుంది. పదిమంది పంచుకునే సర్వర్‌కి ఇంతకంటే శుభ్రమైన ఏర్పాటు నేను చూడలేదు. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కి దీనికోసం లినక్స్‌లో అదనపు మాడ్యూల్ తెచ్చి, ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ అది కట్టుకుంటుందో లేదో చూసుకోవడం దండగ.

నా సలహా ఇది. ఒక్కరి ల్యాప్‌టాప్ అయితే, డిస్ట్రో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సబ్‌వాల్యూమ్‌లు తనంతట తనే ఇస్తే తీసుకోండి. ఇవ్వకపోతే ఒకే పార్టిషన్, దానితోపాటు వారానికోసారి బయటి డిస్క్‌కి బ్యాకప్. ఆరు నెలలకోసారి డిస్ట్రో మార్చే అలవాటున్నవాళ్ళకు ఎక్స్‌ట్4 విడి పార్టిషన్ ఇప్పటికీ మంచిదే, రూట్‌కి మాత్రం 80 జీబీకి తగ్గకుండా ఇవ్వండి.

రెండు డిస్ట్రోలకు ఒకే హోమ్ పంచవచ్చా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ఉబుంటు, ఫెడోరా రెండూ పక్కపక్కన వేసి, /హోమ్ మాత్రం ఒకటే పెడితే చోటు కలిసి వస్తుంది కదా అని. నా జవాబు వద్దు అనే.

మొదటి కారణం, ఫైల్ సిస్టమ్ మనిషిని గుర్తుపట్టేది పేరుతో కాదు, యూఐడీ అనే సంఖ్యతో. ఇప్పటి డెబియన్, ఉబుంటు, ఫెడోరాల్లో మొదటి యూజర్‌కి 1000 వస్తుంది. మ్యాక్‌లో 501, ఫ్రీబీఎస్‌డీలో మామూలుగా 1001. రెడ్ హ్యాట్‌లో 6వ వెర్షన్ దాకా 500. పేరు ఒకటే అయినా సంఖ్య వేరైతే, మీ ఫైళ్ళను తెరవడానికి మీకే అనుమతి ఉండదు. సంఖ్య కలిపేసుకోవచ్చు, సరే. రెండో కారణానికి మందు లేదు. ఒక డిస్ట్రోలో ఫైర్‌ఫాక్స్ కొత్తది, ఇంకోదానిలో పాతది ఉంటే, కొత్తది తాకిన ప్రొఫైల్‌ని పాతది తెరవదు. 67వ వెర్షన్ నుంచి ఆ జాగ్రత్త పెట్టారు. గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగులు, కేడీఈ డెస్క్‌టాప్ సెట్టింగులు అలాంటి హెచ్చరిక కూడా లేకుండా ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి.

హోమ్‌లు రెండు ఉంచండి. పాటలు, ఫోటోలు, ప్రాజెక్టులు మాత్రం మూడో పార్టిషన్‌లో పెట్టి, రెండు హోమ్‌ల నుంచీ దానికి లింకులు ఇచ్చుకోండి.

విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) వాడేవాళ్ళకు కూడా ఇలాంటి ఎంపికే ఎదురవుతుంది. ప్రాజెక్టుని సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ నుంచి తెరవవచ్చు, లేదా లినక్స్ హోమ్‌లోనే పెట్టవచ్చు. డబ్ల్యూఎస్‌ఎల్2లో సీ డ్రైవ్ వైపు దారి బాగా నెమ్మది. వేల చిన్న ఫైళ్ళుండే నోడ్ ప్రాజెక్టుల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. లినక్స్ హోమ్‌లో పెట్టండి.

హోమ్ లోపలి సర్దుబాటు

చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు కనిపించకుండా ఉండటం ఎవరూ ప్లాన్ చేసి పెట్టింది కాదు. ఎల్‌ఎస్ కమాండ్ జాబితాలో ఒక చుక్క (ఈ డైరెక్టరీ), రెండు చుక్కల (పై డైరెక్టరీ) పేర్లు కనిపించకూడదని, మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్ అని తొలిరోజుల్లో రాశారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ 2012లో ఈ సంగతి చెప్పి, అదొక పొరపాటని అన్నారు. ఆ సందులోంచి ప్రతి ప్రోగ్రామూ తన సెట్టింగులను హోమ్‌లో చుక్క పేరుతో పడేయడం మొదలుపెట్టింది.

దీన్ని చక్కబెట్టడానికి వచ్చిందే ఎక్స్‌డీజీ బేస్ డైరెక్టరీ పద్ధతి. సెట్టింగులు ~/.కాన్ఫిగ్‌లో, ప్రోగ్రాములు దాచుకునే డేటా ~/.లోకల్/షేర్‌లో, చరిత్ర, లాగ్‌ల వంటివి ~/.లోకల్/స్టేట్‌లో, పోయినా ఫర్వాలేనివి ~/.క్యాష్‌లో. మ్యాక్‌లో ఇదే పని లైబ్రరీ ఫోల్డర్ చేస్తుంది. ప్రిఫరెన్సెస్, అప్లికేషన్ సపోర్ట్, క్యాషెస్ అని అక్కడ విడిగా ఉంటాయి.

ఈ విభజన విలువ బ్యాకప్ తీసేటప్పుడు తెలుస్తుంది. మీ హోమ్‌లో డీయూ కమాండ్‌తో ఏది ఎంత ఉందో చూడండి. బ్రౌజర్ క్యాష్, పిప్ క్యాష్ కలిసి ~/.క్యాష్ అనేక జీబీలు ఉండటం మామూలే. బ్యాకప్‌లో దాన్ని పూర్తిగా వదిలేయవచ్చు. ~/.కాన్ఫిగ్ చిన్నది, విలువైనది, తప్పక తీసుకోవాలి. ~/.లోకల్/షేర్ లోపల మాత్రం చూసి తీసుకోవాలి. కొన్ని ఈమెయిల్ ప్రోగ్రాములు ఉత్తరాలను అక్కడే దాస్తాయి, స్టీమ్ ఆటలు కూడా అక్కడే చేరతాయి. ఉత్తరాలు కావాలి, ఆటలు మళ్ళీ దించుకోవచ్చు.

అన్నీ ఈ దారికి రాలేదు. దూరపు మెషీన్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ తన కీలను ~/.ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఉంచుతుంది. ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్ల డేటా ~/.వార్/యాప్‌లో ఉంటుంది. స్నాప్ అయితే చుక్క కూడా లేకుండా హోమ్‌లో సొంత ఫోల్డర్ తెరుస్తుంది, డెస్క్‌టాప్ వాడేవాళ్ళు దాన్ని అనవసరమనుకుని చెరిపేసే ప్రమాదం ఉంది. కోడ్ మార్పులను దాచే గిట్ తన సెట్టింగులను రెండు చోట్లా చదువుతుంది. ~/.కాన్ఫిగ్/గిట్‌లోనూ, పాత గిట్‌కాన్ఫిగ్ ఫైల్‌లోనూ ఒకే సెట్టింగ్ ఉంటే పాతదాని మాటే చెల్లుతుంది. కొత్తచోట మార్చినా మార్పు కనిపించడం లేదంటే ముందు అది చూడండి.

సెట్టింగులను గిట్‌లో పెట్టి మెషీన్ల మధ్య తిప్పాలనుకుంటే, ఒకటి రెండు ఒకేలాంటి మెషీన్లకు స్టో అనే చిన్న పరికరం చాలు. అది అసలు ఫైళ్ళను ఒకచోట ఉంచి, హోమ్‌లో లింకులు పెడుతుంది. ఆఫీసులో మ్యాక్, ఇంట్లో లినక్స్ ఉండి, ఒక్కోదానికి కొన్ని వరుసలు వేరుగా కావాలంటే షెజ్‌మా మంచిది. ఏది వాడినా ఎస్‌ఎస్‌హెచ్ కీలు, క్లౌడ్ పాస్‌వర్డులు అందులోకి పోకుండా చూసుకోండి. హోమ్ మొత్తాన్ని ఒకేసారి గిట్‌లోకి చేర్చేస్తే అవి కూడా వెళ్ళిపోతాయి.

తెలుగులో వాడేవాళ్ళకు

డెస్క్‌టాప్ భాషను తెలుగుకి మారిస్తే, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ వంటి ఫోల్డర్ల పేర్లు కూడా మార్చమంటారా అని గ్నోమ్ అడుగుతుంది. మెనూలు తెలుగులో వాడుకుంటూనే ఆ ఫోల్డర్ల పేర్లు పాతవాటినే ఉంచమని నా సలహా. టెర్మినల్‌లో ఆ పేర్లు రోజూ కొట్టాలి, మాటిమాటికీ కీబోర్డు మార్చుకోవడం పనికి అడ్డం. ఏ ఫోల్డర్ దేనికో ~/.కాన్ఫిగ్‌లోని యూజర్-డర్స్ ఫైల్‌లో రాసి ఉంటుంది, ఎప్పుడైనా చేత్తో మార్చుకోవచ్చు. లాగిన్ పేరు కూడా అంతే. యూజర్‌ని చేర్చే యూజర్‌యాడ్ కమాండ్ తెలుగు అక్షరాలను ఒప్పుకోదు, చిన్న బడి ఇంగ్లిష్ అక్షరాలతోనే ఇవ్వాలి. లాగిన్ తెర మీద కనిపించే పూర్తి పేరును మాత్రం సెట్టింగుల్లో తెలుగులో పెట్టుకోవచ్చు.

ఫైళ్ళ పేర్లు తెలుగులో హాయిగా పెట్టుకోండి. ఒక్క పరిమితి గుర్తుంచుకోండి. లినక్స్‌లో ఫైల్ పేరుకి 255 బైట్లు గరిష్ఠం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు పడతాయి, గుణింతపు గుర్తులూ, పొల్లూ కూడా విడి కోడ్‌లే. ‘క్షే’ అన్న ఒక్క అక్షరానికే క, పొల్లు, ష, ఏత్వం కలిసి 12 బైట్లు. అంటే మొత్తం 85 కోడ్‌లకు మించవు. పాత ఇ-క్రిప్ట్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసిన హోమ్‌లో పేరుకి 143 బైట్లే కాబట్టి 47 కోడ్‌లతో సరి. పెద్ద పేర్లున్న తెలుగు పీడీఎఫ్‌లు అలాంటి హోమ్‌లోకి కాపీ కాకుండా ఆగిపోవడానికి కారణం ఇదే.

కాలేజీ ల్యాబు, ఆఫీసు

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కొన్ని ల్యాబుల్లో అందరికీ ఒకటే లాగిన్ ఇచ్చే అలవాటు ఉంది. ఇది మానాలి. పొద్దున బ్యాచ్ రాసిన ప్రోగ్రామ్‌ను మధ్యాహ్నం బ్యాచ్ చెరిపేస్తుంది, ఎవరి పని ఎవరిదో తెలియదు. పిల్లలకు ఫైల్ అనుమతులు అంటే ఏమిటో అర్థమయ్యే అవకాశమే ఉండదు. ప్రతి విద్యార్థికీ సొంత హోమ్ ఇవ్వడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. /ఈటీసీ/స్కెల్‌లో ఏం పెడితే అది ప్రతి కొత్త హోమ్‌లోకీ కాపీ అవుతుంది కాబట్టి, ల్యాబుకి కావాల్సిన సెట్టింగులన్నీ ఒకసారి అక్కడ పెడితే చాలు.

విద్యార్థులు ఎప్పుడూ అదే మెషీన్ ముందు కూర్చునేట్టయితే హోమ్‌ని ఆ మెషీన్‌లోనే ఉంచండి. ఎక్కడ కూర్చున్నా తన ఫైళ్ళు రావాలంటే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ (నెట్‌వర్క్ మీదుగా ఫైళ్ళు పంచేది), ఆటోమౌంట్ కావాలి. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఈ పద్ధతి ఇప్పటికీ గట్టిగా నిలబడింది, షరతులతో. అన్ని మెషీన్లలోనూ యూఐడీలు ఒకటే ఉండాలి, అందుకు యూజర్ల వివరాలు ఒకేచోట ఉంచే ఎల్‌డ్యాప్ లాంటిది కావాలి. సర్వర్ ఆగితే ల్యాబ్ మొత్తం బిగుసుకుపోతుంది. బిగుసుకోకూడదని సాఫ్ట్ మౌంట్ (కాసేపు చూసి వదిలేసేది) పెడతారు కొందరు, అది సగం రాసిన ఫైళ్ళను మిగిల్చిపోతుంది. హోమ్‌లకు సర్వర్ తిరిగొచ్చేదాకా ఆగే హార్డ్ మౌంటే సరైనది. వైఫై మీద మాత్రం వద్దు.

ఎన్‌ఎఫ్‌ఎస్ హోమ్‌లు నెమ్మదించడానికి ఎక్కువ కారణం బ్రౌజర్లు. 60 మంది ఒకేసారి బ్రౌజర్ తెరిస్తే, ఆ క్యాష్ రాతలన్నీ నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కి వెళ్తాయి. ఎక్స్‌డీజీ క్యాష్ వేరియబుల్‌ని లాగిన్ సమయంలో ఆ మెషీన్ సొంత డిస్క్‌లోని ఫోల్డర్‌కి తిప్పండి. ఒక్క వరుస మార్పుతో సర్వర్ మీద భారం చాలా తగ్గుతుంది.

విద్యార్థుల సంఖ్య వేలల్లో ఉంటే, అన్ని హోమ్‌లూ ఒకే డైరెక్టరీలో పెట్టడం పాత సిస్టమ్‌లలో కుదరదు. ఎక్స్‌ట్3లో ఒక డైరెక్టరీ కింద 32 వేల లోపే సబ్‌డైరెక్టరీలు పడతాయి. ఎక్స్‌ట్4కి ఆ ఇబ్బంది లేకపోయినా, జాబితా చూడటానికి విభజన ఉంటేనే హాయి. డెబియన్‌లో యూజర్లను చేర్చే యాడ్‌యూజర్ కమాండ్‌లో మొదటి అక్షరాన్ని బట్టి విడదీసే ఏర్పాటు, గ్రూపును బట్టి విడదీసే ఏర్పాటు రెండూ ఉన్నాయి. కాలేజీకి గ్రూపు పద్ధతి నాకు నచ్చుతుంది. 2024 బ్యాచ్ అంతా ఒకే డైరెక్టరీలో ఉంటే, వాళ్ళు చదువు ముగించాక ఒకేసారి ఆర్కైవ్ చేయవచ్చు.

అనుమతుల సంగతి. ఉబుంటులో 21.04కి ముందు కొత్త హోమ్ 755తో వచ్చేది, అంటే పక్కవాళ్ళు మీ ఫైళ్ళు చదవగలరు. ఇప్పుడు 750, అంటే మీ గ్రూపు బయటివాళ్ళు చదవలేరు. రెడ్ హ్యాట్‌లో 700, అంటే మీకొక్కరికే. ల్యాబుకి 700 పెట్టండి. అపాచీ వెబ్ సర్వర్ ద్వారా పబ్లిక్-హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ చూపించాలంటే మాత్రం ఇతరులను హోమ్ దాటి లోపలికి పోనిచ్చే 711 కావాలి, లేకపోతే 403 (అనుమతి లేదన్న ఎర్రర్) వస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీతో లాగిన్ పనిచేయకపోతే కీని అనుమానించే ముందు హోమ్ అనుమతులు చూడండి. గ్రూపుకి రాసే అనుమతి ఉన్న హోమ్‌లోని కీని ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ నమ్మదు. బయటికి ఏమీ చెప్పకుండా పాస్‌వర్డ్ అడుగుతుంది, అసలు కారణం సర్వర్ లాగ్‌లోనే రాస్తుంది.

ఎన్‌క్రిప్షన్

ల్యాప్‌టాప్ పోతుందన్న భయం ఉంటే, డిస్క్ మొత్తానికీ లక్స్ అనే ఎన్‌క్రిప్షన్ పెట్టండి, హోమ్‌కి మాత్రమే కాదు. హోమ్‌ని ఒక్కదాన్నే కాపాడితే స్వాప్‌లో (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు), /వార్ లాగ్‌లలో, తాత్కాలిక ఫైళ్ళలో మీ సమాచారం తెరిచే ఉంటుంది. ఉబుంటు కూడా ఇన్‌స్టాలర్‌లో ఇ-క్రిప్ట్‌ఎఫ్‌ఎస్ హోమ్ ఎంపికను 18.04లో తీసేసింది.

2020లో, లినక్స్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 245వ వెర్షన్‌తో వచ్చిన హోమ్‌డీ ఆలోచన బాగుంది. యూజర్ వివరాలు, ఫైళ్ళు అన్నీ కలిపి ఒకే ఎన్‌క్రిప్టెడ్ ఇమేజ్ ఫైల్‌లో ఉంటాయి, దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఇంకో మెషీన్‌కి తీసుకెళ్ళవచ్చు. ఒకే మెషీన్‌ని ఇద్దరు ముగ్గురు వాడుతూ, ఒకరి ఫైళ్ళు ఇంకొకరు లాగిన్ అయినప్పుడు తెరుచుకోకూడదనుకుంటే ఇది పనికొస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో బయటి నుంచి లాగిన్ అయ్యేవాళ్ళకు చాలాకాలం చిక్కుగా ఉండేది, ఎందుకంటే హోమ్‌ని ముందే తెరిచి ఉంచితే తప్ప లోపలికి రావడం కుదిరేది కాదు. 2024లో వచ్చిన 256వ వెర్షన్‌లో దానికి దారి చూపించారు. నా మొదటి ప్రశ్నతో తూచితే, ఇమేజ్ ఫైల్ చెడిపోతే హోమ్ అంతా ఒక్కసారే పోతుంది. బ్యాకప్ క్రమశిక్షణ ఉన్నవాళ్ళకే ఇది.

సర్వర్లలో అప్లికేషన్ ఎక్కడ?

క్లౌడ్ మెషీన్ తీసుకుని, వచ్చిన మొదటి యూజర్ హోమ్‌లోనే అప్లికేషన్ పెట్టి నడిపేయడం బాగా అలవాటైపోయింది. హోమ్ మనిషిది. ఆ ఉద్యోగి వెళ్ళిపోయి అకౌంట్ తీసేసిన రోజున అప్లికేషన్ కూడా పోతుంది. సిస్టమ్‌డీలో ప్రొటెక్ట్‌హోమ్ సెట్టింగ్ పెట్టిన సర్వీసులకు /హోమ్ కనిపించదు, ఏ ప్రోగ్రామ్ దేన్ని తాకవచ్చో నియంత్రించే ఎస్‌ఈలినక్స్ కూడా వెబ్ సర్వర్‌ని హోమ్‌లోకి మామూలుగా రానివ్వదు. కోడ్‌ని /ఆప్ట్‌లోనో /ఎస్‌ఆర్‌వీలోనో పెట్టి, సర్వీసుకి ఒక సిస్టమ్ అకౌంట్ ఇచ్చి, దాని హోమ్‌ని /వార్/లిబ్ కింద ఇవ్వండి. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అకౌంట్ హోమ్ కూడా అక్కడే ఉంటుంది.

కంటైనర్లలో ఒక చిన్న సంగతి. డాకర్‌ని పాస్‌వర్డ్ ఫైల్‌లో లేని యూఐడీతో నడిపితే హోమ్ వేరియబుల్ ఒట్టి స్లాష్‌గా మారుతుంది. నోడ్ ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం తన క్యాష్‌ని రూట్ డైరెక్టరీలో రాయబోయి అనుమతి లేదంటుంది. అప్పుడు అనుమతులు తెరిచేయకుండా, హోమ్ వేరియబుల్‌ని రాయగలిగే ఫోల్డర్‌కి ఇస్తే సరిపోతుంది.

ఇప్పటికే ఉన్న హోమ్‌ని వేరే డిస్క్‌కి మార్చాలంటే

ఆ యూజర్‌తో లాగిన్ అయి ఉండగా మార్చవద్దు. రూట్‌గా టెక్స్ట్ కన్సోల్‌లోకి వెళ్ళండి. కొత్త డిస్క్‌ని తాత్కాలికంగా /ఎంఎన్‌టీలో మౌంట్ చేసి, ఆర్‌సింక్ కమాండ్‌తో కాపీ చేయండి. అనుమతులు, హార్డ్ లింకులు, ఏసీఎల్‌లు (అదనపు అనుమతుల జాబితాలు), ఎక్స్‌టెండెడ్ యాట్రిబ్యూట్లు (ఫైల్‌తో ఉండే అదనపు వివరాలు) అన్నీ వచ్చేలా ఆప్షన్లు ఇవ్వాలి. మామూలు సీపీ కమాండ్‌తో చేస్తే వీటిలో కొన్ని జారిపోతాయి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) కొత్త డిస్క్‌ని యూయూఐడీతో, అంటే దాని సొంత గుర్తింపు సంఖ్యతో రాయండి. డిస్క్ పేరుతో రాస్తే ఇంకో డిస్క్ తగిలించినప్పుడు వరుస మారిపోవచ్చు. /హోమ్ కాకుండా వేరే దారి ఎంచుకుని, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఉంటే, ఆ దారిని /హోమ్‌తో సమానంగా చూడమని ఎస్‌ఈలినక్స్‌కి చెప్పి, లేబుళ్ళు మళ్ళీ వేయించాలి. లేకపోతే లాగిన్ అవుతుంది గానీ ఎస్‌ఎస్‌హెచ్ కీ పనిచేయదు.

కొత్త డిస్క్‌ని పాత /హోమ్ మీద మౌంట్ చేశాక, పాత ఫైళ్ళు కనిపించవు గానీ రూట్ పార్టిషన్‌లో చోటు ఆక్రమించుకునే ఉంటాయి. డీఎఫ్ కమాండ్ రూట్ పార్టిషన్ నిండింది అంటుంది, డీయూ వెతికితే దొరకదు. రూట్ పార్టిషన్‌ని ఇంకోచోట బైండ్ మౌంట్ చేసి (అదే చోటును ఇంకో దారిలోనూ చూపించి), దాని కింద హోమ్‌లోకి చూస్తే కనిపిస్తాయి. కొత్త హోమ్‌తో ఒక వారం పని చేసి, ఈమెయిల్, బ్రౌజర్, ఎస్‌ఎస్‌హెచ్, వేళకు నడిచే క్రాన్ పనులు అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని తేలాక ఆ పాత ఫైళ్ళను అక్కడి నుంచి తీసేయండి.